మన హాస్టల్ నవల ఇంకా ఎవరూ రాయలేదు



పోస్టు పెద్దదే. తిట్టాలనిపిస్తే చివరిదాకా చదివాక తిట్టండి, సగంలో వద్దు.

హాస్టళ్లకి పంపడానికి పుస్తకాల జాబితా తయారు చేస్తున్నాం కదా. అందులో నేను 'ఒక హిజ్రా ఆత్మకథ' పేరు రాశాను. రెండో రోజుకల్లా ఆ పేరు లేదు. ఎవరు తీశారో అడగను, అది ముఖ్యం కాదు. ఎందుకు తీశారని అడిగితే మాత్రం 'ఇది మన విషయం కాదు తమ్ముడూ' అన్నారు. మన పేటల్లో, గూడేల్లో ఇలాంటివి లేవన్నారు. ఇంకొకాయన అయితే 'పిల్లలు పాడైపోతారు, ముందు స్కాలర్‌షిప్పుల సంగతి చూడండి' అన్నారు. స్కాలర్‌షిప్పుల సంగతి నాకూ కావాలి, నాకూ రావాల్సింది ఉంది. కానీ ఆ పుస్తకం జాబితాలో ఉండాలి. అది ఒక్కటే కాదు, దాని తర్వాత రావాల్సిన పుస్తకం ఇంకోటి ఉంది, అది ఇంకా ఎవరూ రాయలేదు. ఈ పోస్టు అసలు దాని గురించే.

ముందు 'మన విషయం కాదు' అన్న మాట తేల్చుకుందాం. నేను ఎరుకల కుర్రాణ్ణి. మా నాన్న బుట్టలు, తట్టలు అల్లుతాడు, అమ్మ వాటిని ఊరూరా తిప్పి అమ్ముతుంది. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. పి.గన్నవరంలో హాస్టల్లో ఉంటూ బస్సులో కాలేజీకి వెళ్లొస్తాను. ఎక్కడికెళ్లినా కులం పేరు చెప్పగానే ఎవరో ఒకరు 'స్టువార్టుపురమా?' అని నవ్వుతారు. దాని మీద సినిమాలు కూడా తీశారు కాబట్టి అందరికీ తెలుసు. మా వాళ్లని దొంగలుగా పుట్టినవాళ్లని రాసుకుని, బాపట్ల దగ్గర ఒక సెటిల్‌మెంటులో పెట్టి, హాజరు తీసుకున్న చరిత్ర అది.

దానికి మూలం 1871లో తెల్లోళ్లు చేసిన చట్టం. మన మీటింగుల్లో ప్రతిసారీ చెప్పుకుంటాం. 1952 ఆగస్టు 31న విముక్తి వచ్చిందని ఏటా పండగలా చేసుకుంటాం. కానీ ఆ చట్టం పేరు ఎప్పుడూ సగమే చెప్పుకుంటాం. నేరస్థ జాతులనీ, నపుంసకులనీ రిజిస్టర్ చేసే చట్టం అని దాని పూర్తి పేరు. మొదటి భాగం మనలాంటి జాతుల మీద. రెండో భాగం మొత్తం హిజ్రాల మీద. ఆ రిజిస్టర్లో పేరెక్కినవాళ్లు ఆడవాళ్ల బట్టల్లో వీధిలో కనబడితే వారెంటు లేకుండా పట్టుకోవచ్చు. రెండేళ్ల దాకా జైలు. వీలునామా రాయడానికి లేదు, దత్తత తీసుకోవడానికి లేదు. పదహారేళ్ల లోపు మగపిల్లాడు వాళ్ల దగ్గర ఉంటే అదీ నేరమే.

మనది ముందు భాగం, వాళ్లది వెనక భాగం. ఒకటే పుస్తకం, ఒకటే అట్ట.

ఆ చట్టం ముందు ఉత్తరాదిలో అమలైంది. జాతుల మీద చట్టం మన మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది 1911లో. అటు హైదరాబాద్ రాజ్యంలో 1919లో, అంటే వాళ్ల లెక్కలో 1329 ఫస్లీలో, హిజ్రాల మీదే విడిగా ఒక చట్టం చేశారు. అందులోనూ రిజిస్టరే, ఆడబట్టలు కడితే అరెస్టే. దాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023 జూలైలో. వైజయంతి వసంత మొగ్లి, ఇంకొందరు కలిసి కోర్టుకెళితే అది పోయింది. మన మీద రాసింది 1952లో చెరిగిపోతే, వాళ్ల మీద రాసింది ఇంకో డెబ్బై ఒక్క ఏళ్లు అలాగే ఉంది. ఇప్పుడు చెప్పండి, ఇది మన విషయం కాదా?

ఇక ఆ పుస్తకం. రాసింది ఎ. రేవతి గారు. తమిళనాడులో నామక్కల్ దగ్గర పల్లెటూరు వాళ్లది. ఇంగ్లీషులో 2010లో వచ్చింది. తెలుగు చేసింది పి. సత్యవతి గారు. 'ఇల్లలకగానే' కథ రాసిన ఆవిడే. ఈ అనువాదానికి ఆవిడకి 2019 సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం వచ్చింది. అంటే ఏదో చాటుగా అమ్మే పుస్తకం కాదని చెప్పడానికి ఇదంతా రాస్తున్నాను.

అందులో ఒక చోట, చిన్నప్పుడు ఊళ్లో మారియమ్మ జాతరకి రేవతి గారు వేసిన ఆడవేషం సంగతి ఉంటుంది. అది కురత్తి వేషం. కురత్తి అంటే ఎవరో మా వాళ్లకి చెప్పక్కర్లేదు. మేం మమ్మల్ని 'కుర్రు' అనే అనుకుంటాం, మా ఇంటి భాషని కుర్రు భాష అంటాం. ఇక్కడ బుట్ట పట్టుకుని సోది చెప్పే ఎరుకలసాని ఎవరో, అక్కడ కురత్తి అదే. ఇంట్లో అక్క లంగా వేసుకుంటే తన్నులు తిన్న పిల్ల, ఊరందరి ముందు, ఎవరూ తిట్టకుండా, తనకి నచ్చినట్టు నిలబడింది మా ఆడవాళ్ల కట్టులో. నేను ఆ పేజీ రెండుసార్లు చదివాను. మన వాళ్ల గురించి బయటివాళ్లు రాసినవి చాలా చదివాను గానీ, మా అమ్మమ్మ చీరకట్టు ఒకరికి ఊపిరి పోసిందని ఎక్కడా చదవలేదు.

'మనలో లేరు' అన్నవాళ్లకి ఒక లెక్క. 2011 జనాభా లెక్కల్లో ఆడ, మగ కాకుండా 'ఇతరులు' అన్న గడి మొదటిసారి పెట్టారు. దేశం మొత్తం 4,87,803 మంది. అందులో ఎస్టీలు 33,293. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అన్ని కులాలూ కలిపి 43,769. లెక్క రాసే మాస్టారి ముందు, ఇంటి పెద్ద పక్కన కూర్చుని ఉండగా, ఆ గడిలో టిక్కు పెట్టించుకున్నవాళ్లు మాత్రమే వీళ్లు. ఆ లెక్కలో చదువొచ్చినవాళ్లు నూటికి 56 మంది. దేశం మొత్తం మీద అప్పుడు 74. మధ్యలో ఆ పద్దెనిమిది ఎక్కడ పోయిందో హాస్టల్లో పెరిగినవాళ్లకి చెప్పాలా?

మా దగ్గర నెలకోసారి క్రాపు రోజు ఉంటుంది. కాస్మెటిక్ చార్జీల్లో మగపిల్లలకి క్రాపు డబ్బులు కలిపే వస్తాయి కదా. మంగలాయన వస్తాడు, వరసగా కూర్చోబెడతారు, పది నిమిషాలకొక తల. మనకి అది సరదా. ఇంటర్ మొదటి సంవత్సరంలో ఒకరు ఉండేవారు, ఆ రోజు వస్తుందంటే రెండు రోజుల ముందే తిండి మానేసేవారు. ఊరు రాయను, తెగ రాయను. 'తను' అని మాత్రం రాస్తాను. తనకి మేం పెట్టిన పేర్లు మీ అందరికీ తెలిసినవే. తేడా, పాయింట్ ఫైవ్, ఇంకా రాయలేనివి. తనకి ఒకే ఒక నేస్తం, ఏజెన్సీ నుంచి వచ్చిన కోయ కుర్రాడు. రాత్రి స్నానాల గదికి తోడు వెళ్లేది వాడే. మంచం తలుపు పక్కది కావాలని అడిగి తీసుకుని, తనని గోడ వైపు పడుకోబెట్టిందీ వాడే. వాణ్ణి కూడా ఏడిపించారు. వాడు ఎదురు తిట్టేవాడు కాదు, 'అయితే ఏంటి' అనేవాడు అంతే. ఒక పెద్దాయన తన ట్రంకు పెట్టె అందరి ముందూ తెరిపించి, అడుగున ఉన్న కాటుక డబ్బా, గోళ్ల రంగు బయట పెట్టారు. సంక్రాంతి సెలవలకి వెళ్లిన తను తిరిగి రాలేదు. టీసీ కూడా పట్టుకెళ్లలేదు. ఇప్పుడెక్కడుందో నాకు తెలుసు గానీ ఇక్కడ రాయను.

దీన్ని కథగా రాస్తే కథానాయకుడు ఎవరు? నా ఉద్దేశంలో ఆ కోయ కుర్రాడు కాదు. వాడు మంచివాడే, కానీ మళ్లీ మంచివాడి కళ్లతోనే చూపిస్తే అది జాలి కథ అయిపోతుంది. కథ తనదే కావాలి, తన నోటితోనే రావాలి. ఆ 'అయితే ఏంటి' అన్న మాట తనకి ఎలా వినబడిందో తనే చెప్పాలి.

ఇక్కడ రేవతి గారి పుస్తకానికి ఉన్న హద్దు కూడా ఒప్పుకోవాలి. అది పెద్దయ్యాక వెనక్కి చూసుకుని రాసుకున్న జీవితం. ఇల్లు వదిలి ఢిల్లీ వెళ్లడం, గురువు, ఆపరేషన్, ఒళ్లు అమ్ముకోవడం, పోలీసుల కొట్టుడు, ఆ తర్వాత బెంగళూరులో సంగమ సంస్థలో ఉద్యోగం, పోరాటం. డిగ్రీ వాళ్లు తప్పకుండా చదవాలి. కానీ ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతి పిల్లలకి కొన్ని పేజీలు బరువే, నేను కాదనను. ఆ వయసు వాళ్లకి కావాల్సింది నవల. ఆ వయసు పిల్లే ఉన్న నవల. పరీక్ష ఫీజు, స్నేహితుడితో అలక, ఎవరినో చూస్తే గుండె దడదడ, వీటి మధ్యలో 'నేను అబ్బాయిని కాదు' అన్న సంగతి కూడా ఉండే నవల.

మన భాషలో ఆ అరే ఖాళీగా ఉంది. చిన్నపిల్లల కథలు అయిపోయాక నేరుగా పెద్దోళ్ల నవలల్లోకి దూకాలి, లేదంటే సినిమానే. పోనీ సినిమాల్లో చూద్దామంటే, వెక్కిరింపుకి ఒక సీను, రైల్లో చప్పట్లు కొట్టి డబ్బులడిగే సీను. 'కాంచన'లో కాస్త గౌరవంగా చూపించారని అందరూ మెచ్చుకున్నారు, నాకూ నచ్చింది, కానీ ఆ గౌరవం దొరకాలంటే చచ్చి దెయ్యం అవ్వాల్సి వచ్చింది. స్టేజీ మీద మాత్రం ఇబ్బంది లేదు. స్థానం నరసింహారావు గారు సత్యభామ వేషం కడితే జనం నీరాజనం పట్టారు, పద్మశ్రీ ఇచ్చారు. వేషం అయితే కళ, వేషం కాదంటే తన్నులు.

ఇంగ్లీషులో ఇలాంటి నవలలు బాగానే ఉన్నాయి. కాకినాడలో చదివే ఒక సీనియర్ అక్క 'ఇఫ్ ఐ వజ్ యువర్ గర్ల్' అనే అమెరికా నవల తెచ్చి ఇచ్చింది. మెరెడిత్ రూసో రాసింది, 2016లో వచ్చింది. ఆవిడ కూడా ట్రాన్స్ మహిళే. డిక్షనరీ పెట్టుకుని నెలన్నర చదివాను. అమాండా అనే అమ్మాయి కొత్త ఊళ్లో, విడిపోయిన నాన్న దగ్గరికి వచ్చి కొత్త స్కూల్లో చేరుతుంది. తన పాత సంగతి అక్కడ ఎవరికీ తెలియదు. స్నేహితులు దొరుకుతారు, గ్రాంట్ అనే కుర్రాడితో ప్రేమ. చెప్పాలా వద్దా అన్న భయంతోనే పుస్తకమంతా నడుస్తుంది. చివరికి నమ్మి చెప్పుకున్న మనిషే అందరి ముందూ బయటపెట్టేస్తుంది.

బాగుంది. కానీ చదువుతున్నంతసేపూ ఒకటి అడ్డం తగిలింది. అమాండాకి సొంత గది ఉంది. తలుపు వేసుకోవచ్చు. ఆపరేషన్ అయిపోయి ఉంది. కొత్త ఊరు ఉంది. మన హాలులో నలభై ట్రంకు పెట్టెలు, నలభై దుప్పట్లు, ఒక ట్యూబులైటు. ఇక్కడ రహస్యం దాచడం అనేదే లేదు. ఎవడు రాత్రి ఏడ్చాడో పొద్దున్నకి వంటమనిషికి కూడా తెలిసిపోతుంది. కాబట్టి మన నవల 'చెప్పాలా వద్దా' అని నడవదు. అందరికీ తెలిసిపోయాక, ఆ నలభై మందిలో ఎవడు పక్క మంచం తీసుకుంటాడు అన్న దాని మీద నడుస్తుంది. రూసో గారే పుస్తకం చివర ఒక మాట రాసుకున్నారు, తేలిగ్గా ఒప్పుకోవాలని అమాండాని కావాలనే మామూలు పాఠకులకి ఇబ్బంది లేని పిల్లగా రాశానని. మనం ఆ మొహమాటం కూడా పెట్టుకోనక్కర్లేదు. మన పిల్లకి గొంతు బొంగురుగానే ఉండొచ్చు, గడ్డం వస్తూ ఉండొచ్చు, లెక్కల్లో ఫెయిలవ్వొచ్చు, కొంచెం అబద్ధాలకోరు కూడా కావొచ్చు.

తెలుగులో ఈ కథ చెప్పడానికి ఒక సుఖం ఉంది, ఎవరూ గమనించినట్టు లేదు. హిందీలో 'నేను వచ్చాను' అనాలన్నా ఆడో మగో తేల్చి చెప్పాలి, క్రియలోనే తెలిసిపోతుంది. తెలుగులో 'వచ్చాను' అంటే చాలు. నేను అని చెప్పుకున్నంతసేపూ మన భాష ఏమీ అడగదు. పక్కవాడు మాట్లాడినప్పుడే గొడవ మొదలవుతుంది, వచ్చాడా, వచ్చిందా అని. ఏరా అనాలా, ఏమే అనాలా, అన్నా అనాలా, అక్కా అనాలా. ఒక్క పిలుపుతో మనిషిని నిలబెట్టొచ్చు, పడగొట్టొచ్చు. అందుకే ఈ నవల 'నేను' అని మొదలైతే బాగుంటుంది. మొదటి యాభై పేజీలు చదివే కుర్రాడికి, చెబుతున్నది ఎవరో తేలకుండానే ఆ మనిషి మీద ఇష్టం పుట్టేయాలి. అయినా మన కోనసీమలో కుక్కని తప్ప అందరినీ 'అండి' అనే అలవాటు ఉంది, ఆయ్. ఆ 'అండి'కి ఆడా మగా లేదు. 'తను' అన్న మాటకీ లేదు. మన దగ్గర మాటలు లేవన్న సాకు చెల్లదు.

యాస గురించి కూడా భయపడొద్దు. నామిని గారు పల్లెటూరి పిల్లాడి గొంతుతోనే కథలు చెప్పారు. ఖదీర్‌బాబు గారు 'దర్గామిట్ట కతలు'లో కావలి ముస్లిం ఇళ్లని నవ్విస్తూ చెప్పారు. కష్టం చెప్పడానికి ఏడుపుగొట్టు భాష అక్కర్లేదని వాటిల్లో చూశాను. హాస్టల్లో ఎంత కష్టం ఉన్నా నవ్వు మాత్రం ఉచితం కదా, ఆదివారం కోడిగుడ్డు కోసం జరిగే యుద్ధాలు ఒక్కటి రాస్తే చాలు.

ఇప్పుడు ప్రేమ దగ్గరికి వస్తాను. అసలు గొడవ ఇక్కడే. జాలి పడమంటే అందరూ ముందుకొస్తారు. పాపం, వాళ్లూ మనుషులే కదా అంటారు. ఆ మనిషికి పదహారేళ్లకి ఒక కుర్రాడంటే ఇష్టం పుట్టింది, ఆ కుర్రాడికీ ఇష్టమే అనగానే ముఖాలు మారిపోతాయి. ఇది మనకి తెలియనిదా? సినిమాల్లో ఆదివాసీ అమ్మాయి అడవిలో హీరోకి దారి చూపిస్తుంది, పాట పాడుతుంది, చివర్లో హీరో కోసం చచ్చిపోతుంది. పెళ్లి మాత్రం పట్నం అమ్మాయితోనే. మన గురించి రాసిన వాటిల్లో ఆకలి ఉంటుంది, అమాయకత్వం ఉంటుంది, పోలీసు దెబ్బలు ఉంటాయి. మనవాడు ఒక అమ్మాయికి మెసేజ్ పెట్టి, రెండు నీలం టిక్కులు పడి, జవాబు రాక, ఆ రాత్రి అన్నం తినలేదని ఎవరు రాశారు? మనకి అది దక్కనివ్వలేదని మనకి కోపం. అదే కోపం వాళ్లకీ ఉంటుంది.

అందుకే ఆ నవల్లో ప్రేమ ఉండాలి, తక్కువలో తక్కువ ఒక బస్సు ప్రయాణం అంత ప్రేమ. గన్నవరం అక్విడక్టు మీద సాయంత్రం, కింద వైనతేయ, పక్కన కాలవ నీళ్లు, ఇద్దరు నడిచి వెళుతుంటారు, ఒకరి చేతిలో పల్లీల పొట్లం. అంతే, ఏమీ జరగదు. చివర్లో ఎవరినీ చంపొద్దని మాత్రం రాసేవాళ్లకి దండం పెట్టి అడుగుతున్నాను. విషం తాగించొద్దు, రైలు కింద పడేయొద్దు. తెలుగు కథకుడికి ఏం చేయాలో తోచనప్పుడు ఇలాంటి పాత్రని చంపేయడం బాగా తేలిక.

పాడైపోతారు అన్న మాట కూడా ఉండిపోయింది. రేవతి గారు ఆ ఊళ్లో ఏ పుస్తకం చదివి అలా అయ్యారు? మా హాస్టల్ పిల్లకి ఏ నవల దొరికింది? పుస్తకం ఉండుంటే మారేది తను కాదు, మిగతా ముప్పై తొమ్మిది మంది. 2021లో ఎన్‌సీఈఆర్‌టీ వాళ్లు ట్రాన్స్ పిల్లలని బడిలో ఎలా చూసుకోవాలో టీచర్లకి ఒక పుస్తకం తయారు చేసి వెబ్‌సైట్లో పెట్టారు. గొడవ రేగగానే కొద్ది రోజుల్లో తీసేశారు. టీచర్లకే చదవడానికి ఉంచలేదంటే పిల్లల దాకా ఏం వస్తుంది.

చట్టాలు లేవని కాదు. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా తీర్పులో ఎవరి జెండర్ వాళ్లు చెప్పుకోవచ్చంది, చదువుల్లో, ఉద్యోగాల్లో రిజర్వేషన్ ఇవ్వమంది. 2019లో చట్టం చేశారు, బడిలో వివక్ష చూపకూడదని రాశారు. కానీ గుర్తింపు పత్రం కావాలంటే పద్దెనిమిది నిండని పిల్లల తరఫున అమ్మానాన్నో, సంరక్షకులో దరఖాస్తు పెట్టాలని అందులోనే రాశారు. ఇంట్లోంచి తరిమేసిన వాళ్లే సంతకం పెట్టాలన్నమాట. మనకైతే ఇంకో ముడి. పదో తరగతి మెమోలో ఒక పేరు, ఎస్టీ సర్టిఫికెట్ తండ్రి పేరు మీద. ఇల్లు పోతే పేరుతో పాటు కులం కాగితం కూడా పోయే పరిస్థితి. మన రాష్ట్రంలో పింఛను 4,000 చేశారు, మంచిదే, కానీ పదిహేనేళ్లకి హాస్టల్ వదిలేసిన పిల్ల ఆ పింఛను వయసు దాకా ఎక్కడ బతకాలి? చదువు ఆగకపోతే ఏమవుతుందో కూడా కళ్ల ముందే ఉంది. 2022లో ఉస్మానియా ఆసుపత్రిలో ప్రాచీ రాథోడ్, రూత్ జాన్ పాల్ డాక్టర్లుగా చేరారు. వాళ్లకి ఎంబీబీఎస్ పట్టా చేతికొచ్చే దాకా చదువు ఆగలేదు కాబట్టి చేరగలిగారు.

సరే, నేను అడిగేది ఇంతే. రేవతి గారి పుస్తకం పేరు మళ్లీ జాబితాలో రాయండి, కావాలంటే పక్కన 'ఇంటర్, డిగ్రీ వాళ్లకి' అని పెట్టండి. మన గ్రూపులో కథలు రాసేవాళ్లు కనీసం నలుగురున్నారు, కవితలు రాసేవాళ్లయితే లెక్కే లేదు. ఆ హాస్టల్ నవల మొదలెట్టండి. మనలో ట్రాన్స్ అక్కలు, అన్నలు ఎవరైనా ఉండి వాళ్లే రాస్తే మిగతా అందరం తప్పుకుని చదువుతాం. పేరు మార్చుకుని రాసినా సరే. క్రాపు రోజు, ట్రంకు పెట్టె తనిఖీ, బాత్రూం క్యూ, సెలవలకి ఇంటికెళ్లే బస్సు, వీటి గురించి ఏ వివరం కావాలన్నా నేనిస్తాను, నాకు బాగా తెలిసింది అదే.

నా పుస్తకం కోసం ముగ్గురు మెసేజ్ పెట్టారు. ప్రస్తుతం అది నా దగ్గర లేదు, రెండో హాలులో ఒక తమ్ముడి దగ్గర ఉంది. వాడి తర్వాత ఇంకొకడు అడిగి ఉంచాడు. అట్ట ఊడితే టేపు వేశాం. కావాల్సినవాళ్లు పేరు రాయించుకోండి, వరసలో పంపిస్తాను.